పన్నెండు వందల కోసం కోర్టా?

ఈ ఏడు మా స్కూల్లో వాదోపవాద పోటీకి సాంఘికశాస్త్రం సారు ఒక అంశం ఇచ్చినారు. ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని ఒక ఆఫీసు నిరాకరిస్తే, ఆ బీదవాళ్ళకు కోర్టు దాకా పోయే హక్కు ఉండాలా, దానికయ్యే ఖర్చును ప్రజలందరూ మోయాలా అన్నది ఆ అంశం. బోర్డు మీద చదవగానే సగంమంది వెనక్కి తగ్గినారు. "సెల్‌ఫోన్ మేలా కీడా" లాంటిది వస్తాదని చూసినవాళ్ళకు ఇది కొరుకుడు పడలేదు. నాకు ఐదు నిమిషాలు ఇచ్చినారు. ఐదు నిమిషాల్లో గొంతు పెంచి మాట్లాడవచ్చు గానీ ఆలోచించడానికి కుదరదు. అందుకే అప్పుడు చెప్పలేక మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి. ఖర్చేమీ లేదు, న్యాయానికి వెల కట్టకూడదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కోర్టు గాలిలో నడవదు. జడ్జిగారి జీతం, గుమాస్తాల జీతాలు, నోటీసు తీసుకుపోయే మనిషి, ప్రభుత్వం తరఫున నిలబడే వకీలు ఫీజు, ఫైలు చంకలో పెట్టుకొని వాయిదాకు వచ్చే ఆఫీసు ఉద్యోగి ఒక దినం పని, ఇదంతా ఖర్చే. మన తమిళనాడులో ముసలివాళ్ళ పింఛను 2023లో నెలకు 1,200 రూపాయలు అయింది. అంటే ఏడాదికి 14,400. దీనికోసం కేసు వేస్తే నాలుగు వాయిదాలు తిరగకముందే ఖర్చు పింఛను కన్నా పెద్దదైపోతుంది. పైగా కోర్టులో ఒక గంట మనకు దొరికిందంటే ఆ గంట ఇంకొకరికి దొరకలేదని అర్థం. దేశం మొత్తంలో కోర్టుల్లో తేలకుండా ఉన్న కేసులు 5 కోట్లు దాటినాయి. ఆ వరుసలో భూమి తగాదాలవాళ్ళు ఉన్నారు, విచారణ జరగక జైల్లో మగ్గేవాళ్ళూ ఉన్నారు. "గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు" అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మా నాయనది చిన్న బట్టల అంగడి. రాత్రి అంగడి మూసి వచ్చి అన్నం తింటుంటే ఈ అంశం చెప్పినాను. ఆయన చెప్పిన మాట పోటీలో ఎదుటి జట్టు వాళ్ళు చెప్పినదానికన్నా గట్టిగా ఉంది. "చూడు పాపా, కుండలో అన్నం ఇంతే ఉంది. సరిగ్గా వడ్డిస్తున్నారా లేదా అని చూసేదానికి ఇంకో నలుగురిని కూలికి పెడితే, వాళ్ళ కూలి కూడా ఆ కుండలోనుండే తియ్యాల. అప్పుడు వరుసలో చివర కూర్చున్నవాళ్ళకు అన్నం మిగలదు. ఒకరికి న్యాయం చేసేదానికి పోయి ఇంకొకరి నోటికాడ కూడు తీసేస్తే అదేం న్యాయం?"

నాయనకు తెలియదుగానీ, అమెరికా సుప్రీంకోర్టు 1976లో దాదాపు ఇదే మాట తీర్పులో రాసింది. సారు ఆ తీర్పు సారాంశం మాకు చెప్పినారు. వర్జీనియా రాష్ట్రంలో జార్జ్ ఎల్డ్రిడ్జ్ అని ఒక మనిషి. పని చేయలేని అనారోగ్యం వల్ల 1968 నుండి ఆయనకు ప్రభుత్వ భృతి వస్తుండేది. 1972లో ఆయనకు ఒక ప్రశ్నల పత్రం పంపినారు, డాక్టర్ల కాగితాలు తెప్పించి చూసినారు, నువ్విప్పుడు పని చేయగలవు అని భృతి ఆపేసినారు. ఆపిన తర్వాత అప్పీలు చేసుకోవచ్చు, విచారణ కూడా ఉంటుంది. అయితే ఎల్డ్రిడ్జ్ అడిగింది అది కాదు. ఆపకముందే నన్ను పిలిచి నా మాట వినాల కదా అన్నాడు.

ఆయన అలా అడగడానికి ఒక ఆధారం ఉంది. 1970లో ఇదే కోర్టు, న్యూయార్క్ నగరంలో బీద కుటుంబాలకు ఇచ్చే సాయం విషయంలో, ముందు విచారణ జరపకుండా సాయం ఆపకూడదని చెప్పింది. దాన్ని గోల్డ్‌బర్గ్ కేసు అంటారు. కానీ ఆరేళ్ళకు ఎల్డ్రిడ్జ్ విషయంలో కోర్టు కుదరదు అనింది. జస్టిస్ పావెల్ ఒక తక్కెడ పెట్టినాడు. ఈ సాయం పోతే ఆ మనిషికి ఎంత నష్టం, ఆఫీసు పొరపాటు చేసే అవకాశం ఎంత, ఇంకో విచారణ పెడితే ఆ పొరపాటు ఎంత తగ్గుతుంది, దానికి ప్రభుత్వానికి డబ్బూ శ్రమా ఎంత అవుతాయి, ఇవన్నీ కలిపి తూచాలన్నాడు. సంక్షేమానికి ఉండే డబ్బుకు ఒక హద్దు ఉంది కాబట్టి, అర్హత లేదని తేలబోయే వాళ్ళను కాపాడే ఖర్చు చివరికి అర్హులైనవాళ్ళ జేబులోనుండే పోవచ్చు అని కూడా అన్నాడు. మా నాయన కుండ, ఆయన జేబు ఒకటే.

తక్కెడ పెట్టడాన్ని నేను తప్పు అనను. తూచకుండా ఏ ప్రభుత్వమూ నడవదు. నా తగాదా తక్కెడలో ఏం వేసినారు అనేదాని మీద. ఈ భృతి బీదరికం చూసి ఇచ్చేది కాదు కాబట్టి అది ఆగినా ఆ మనిషికి వేరే ఆసరా ఉండవచ్చు, లేకపోతే బీదలకిచ్చే ఇంకో సాయం అడుక్కోవచ్చు అని కోర్టు అనుకొనింది. తీర్పుతో ఒప్పుకోని జస్టిస్ బ్రెన్నన్ మాత్రం ఎల్డ్రిడ్జ్ ఇంట్లో నిజంగా ఏం జరిగిందో రాసినాడు. భృతి ఆగిపోయాక అప్పు కింద ఇల్లు పోయింది. ఇంట్లో సామాన్లు కంతు కట్టలేదని ఎత్తుకుపోయినారు. మొగుడూ పెళ్ళామూ పిల్లలూ అందరూ ఒకే మంచం మీద పడుకోవలసి వచ్చింది. తక్కెడకు ఒకవైపు ప్రభుత్వ ఖర్చు లెక్కకు వచ్చింది. ఇంకోవైపు "వేరే ఆసరా ఉండవచ్చు" అన్న ఊహ ఉంది. ఆ మంచం ఏ వైపు వేసినారు?

మన దగ్గర కూడా ఇట్లాంటి లెక్కలోకి రాని ఖర్చు ఒకటి నేను దగ్గరగా చూసినాను. మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. ఆమెకు ముసలివాళ్ళ పింఛను వస్తుండేది. ఒక నెల రాలేదు. ఆలస్యం అయిందేమో అనుకొని ఊరుకొనింది. రెండో నెలా రాలేదు. డబ్బు తెచ్చి ఇచ్చే మనిషిని అడిగితే "లిస్టులో నీ పేరు లేదవ్వా" అన్నాడు. ఎందుకు లేదో ఆయనకు తెలియదు. వి.ఏ.ఓ.ను అడిగితే తాలూకా ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ ఒక బల్లకాడ పోతే ఇంకో బల్ల చూపించినారు. మూడుసార్లు తిరిగినాక ఒకరు "నీకు సంపాదించే కొడుకు ఉన్నాడని రాసి ఉంది" అని చెప్పినారు. కొడుకు ఉన్న మాట నిజమే. బెంగుళూరులో ఉన్నాడు. ఆరేళ్ళుగా ఒక్క రూపాయి పంపింది లేదు, ఒక పండక్కి వచ్చింది లేదు. అది ఎక్కడ రాయాల, ఎవరికి చెప్పాల?

కాగితం ఇచ్చి ఉంటే కాగితం చూపించవచ్చు. నోటితో చెప్పినదాని మీద ఎట్ల పోరాడేది?

చివరికి మా అమ్మ ఒక అర్జీ రాసిచ్చింది. (మనం ఇక్కడ మాటల్లో మను అనే అంటాం. అర్జీ అంటే అవ్వ "అదేంది?" అని అడిగింది.) అది తీసుకొని కలెక్టరాఫీసులో సోమవారం జరిగే గ్రీవెన్సు దినానికి పోయి వరుసలో నిలబడింది. పింఛను ఆగిన ఏడు నెలలకు మళ్ళా వచ్చింది. ఆ ఏడు నెలలది మాత్రం రాలేదు. ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు, అంటే 8,400 రూపాయలు. అడిగితే "వచ్చిందే చాలు అనుకో అవ్వా" అన్నారంట.

ఇప్పుడు ఖర్చు లెక్క వేద్దాం. ఆడవాళ్ళకు టౌన్ బస్సు ఉచితం కాబట్టి బస్సు చార్జీ లేదు. కానీ పోయిన ప్రతి దినమూ ఆమె కూలి పోయింది. ఏడు నెలలు మందుల అంగడిలో అప్పు పెట్టింది. బి.పి. మాత్ర దినం విడిచి దినం వేసుకొనింది. ఇవి ప్రభుత్వం లెక్కలో లేవు. ప్రభుత్వం లెక్క ప్రకారం ఆ ఏడు నెలల్లో 8,400 రూపాయలు మిగిలింది. అప్పీలు ఖర్చు ఎక్కువ అని మనం అన్నప్పుడల్లా ఈ మిగులును కూడా పక్కన పెట్టి చూడాలని నా అభిప్రాయం. ఖర్చు ఎక్కడికీ పోలేదు. మోయలేని మనిషి నెత్తి మీదికి మారింది, అంతే. ఖజానాలో అయితే కోట్లమంది మీద పంచబడి ఒక్కొక్కరికి పైసా కూడా పడనిది, ఇక్కడ ఒకే ఒక డెబ్బై ఏళ్ళ మనిషి మీద పూర్తిగా పడింది.

ఈ మాటకు నాయన అడ్డం వచ్చినాడు. "అది ప్రభుత్వం దయతో ఇచ్చేది కదా పాపా? దానంగా ఇచ్చేదాన్ని ఎందుకు ఇయ్యలేదని కోర్టులో అడుగుతారా?" అన్నాడు. చాలామంది మనసులో ఉండే ప్రశ్న ఇదే. అప్పీలు ఖర్చు దండగ అనిపించేదానికి అసలు కారణం కూడా ఇదే అనుకుంటాను. భూమి కేసుకు కోర్టు ఎంత ఖర్చు పెట్టినా ఎవ్వరూ దండగ అనరు. అర సెంటు గట్టు కోసం ముప్పై ఏళ్ళు కొట్లాడినవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమంది లేరు? ఆ కేసులకయ్యే ఖర్చూ ప్రజలదే. అక్కడ "భూమి వాళ్ళది" అనుకుంటాం. పింఛను మాత్రం "ఇచ్చేవాళ్ళది" అనుకుంటాం.

సుప్రీంకోర్టు 1982లో డి.ఎస్. నకారా కేసులో పింఛను అనేది దయతో ఇచ్చే బహుమానం కాదు అని చెప్పింది. అది ప్రభుత్వ ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాళ్ళ పింఛను సంగతి, మా వీధి అవ్వ పింఛను సంగతి కాదు. ఆ తేడా నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు అది సంపాదించుకున్న హక్కు. యాభై ఏళ్ళు మామిడి తోపుల్లో, ఇటుక బట్టీల్లో వంగి పనిచేసినవాళ్ళకు పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. వాళ్ళు ఉప్పు కొన్నా, చీర కొన్నా దారిలో ఎక్కడో పన్ను కట్టే ఉంటారు. వాళ్ళకు ఇచ్చేదాన్ని దానం అనడానికి నాకు నోరు రాదు. సరే, అది నా మనసు మాట. చట్టం మాటే చూసినా, ఒకసారి ప్రభుత్వం నియమాలు రాసి, ఈ వయసు ఉండి, ఈ ఆధారం లేనివాళ్ళకు ఇంత ఇస్తాం అని చెప్పినాక, ఆ నియమం ఆఫీసునూ కట్టేస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది బల్ల వెనక కూర్చున్నవాళ్ళ ఇష్టం కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అని సామెత ఉంది. పూజారి పైన అడిగేవాళ్ళు లేని గుడిలో వరాలు ఎవరికి పోతాయో అందరికీ తెలిసిందే.

ఒక కేసు వల్ల ఒక్కరికే లాభం అనేది కూడా సరి కాదు. 2001లో దేశంలో గోదాముల నిండా ధాన్యం ఉండగా కరువు ప్రాంతాల్లో జనం ఆకలితో ఉన్నారని పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఏడు నవంబరు 28న కోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పటిదాకా పథకాలుగా ఉన్నవాటిని జనానికి రావలసిన హక్కులుగా చూడాలనింది. ప్రభుత్వ బడుల్లో, ప్రభుత్వ సాయం పొందే ప్రాథమిక బడుల్లో పిల్లలకు వండిన అన్నం పెట్టాలనింది. మన తమిళనాడులో 1982 నుండే సత్తుణవు ఉంది కాబట్టి మనకు ఇది పెద్ద వింతగా తోచదు. కానీ చాలా రాష్ట్రాల్లో అప్పటిదాకా వండి పెట్టడం లేదు. ఆ కేసుకు ఎంత ఖర్చయిందో తీసుకొని, ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం తిన్న పిల్లల సంఖ్యతో భాగించి చూడండి, ఒక్కొక్కరికి ఎంత పడుతుందో.

ఆ ఉత్తర్వు అమలవుతుందా లేదా చూసేదానికి కోర్టు మరుసటి ఏడు కమిషనర్లను పెట్టింది. వాళ్ళలో ఎన్.సి. సక్సేనాతో పాటు ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. శంకరన్‌గారు తమిళనాడులో పుట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసినవారు. వెట్టిచాకిరి నుండి మనుషులను విడిపించే పనిలో ఆయన పేరు తెలుగువాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. మనం ఇటు తెలుగు అటు తమిళం మధ్యలో బతికేవాళ్ళం కాబట్టి ఆయన మనకు రెండు వైపులా చుట్టమే అని నాకు అనిపిస్తుంది.

ఇదంతా చెప్పినాక కూడా నాయన మాటలో ఒక బలం మిగిలే ఉంది. దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం పోటీ ఉపన్యాసం అయిపోతుంది.

కోర్టుకు పోయేది ఎవరు? బీదవాళ్ళలో కొంచెం నిలదొక్కుకున్నవాళ్ళు, అక్షరం వచ్చినవాళ్ళు, తెలిసిన వకీలు ఉన్నవాళ్ళు. వాళ్ళు ఉత్తర్వు తెచ్చుకుంటే ఆఫీసు ముందు వాళ్ళ ఫైలు కదిలిస్తుంది. కోర్టుకు పోలేని పదిమంది ఫైళ్ళు ఇంకా కిందికి పోతాయి. అంటే అందరికన్నా బీదవాళ్ళను కాపాడాల్సిన అప్పీలు, వాళ్ళనే వరుసలో వెనక్కి నెట్టే అవకాశం ఉంది. ఇంకొకటి. 1970 నాటి ఆ గోల్డ్‌బర్గ్ కేసులోనే జస్టిస్ బ్లాక్ అనే ఆయన తీర్పుతో విభేదించి ఒక భయం చెప్పినాడు. ఒకసారి ఇచ్చినాక ఆపేదానికి ఇంత విచారణ, ఇంత ఖర్చు అయితే, ప్రభుత్వం మొదట ఇచ్చేటప్పుడే నూటికి నూరుపాళ్ళు తేలేదాకా ఎవ్వరినీ చేర్చుకోదు, ఆకలిగా ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ కాలం బయటే నిలబడతారు అన్నాడు. ఈ భయాన్ని నేను తీసిపారేయలేను. ఆధార్, రేషన్ కార్డు, వయసు సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, దాని మీద ఇంకో సంతకం అని ఎన్నిసార్లు తిప్పుతారో ఈ పత్రిక చదివే అమ్మానాన్నలకు నేను చెప్పేదేముంది? రేపు ఎవరైనా అడుగుతారేమో అన్న భయంతో అధికారి అడిగే కాగితాలు వాటిలో కొన్నైనా ఉంటాయి.

అయినా ఈ రెండు మాటలూ తలుపు మూసెయ్యమని చెప్పడం లేదు. తలుపు చాలా ఎత్తులో ఉందని చెబుతున్నాయి. అవ్వకు 8,400 రూపాయల కోసం హైకోర్టు అంటే చెన్నై పోవాల. ఆ దోవ అక్కరకు రాదు. "కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చినాడు" అంటారు కదా. ఆమెకు కావలసింది బస్సులో పోయి సాయంత్రానికి ఇంటికి రాగలిగే దూరంలో, ఆ ఆఫీసుకు లోబడని ఒక మనిషి. అక్కడ వకీలు అక్కర లేకుండా నోటితో చెప్పుకొనేటట్లు ఉండాల. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2013 ఆహార భద్రత చట్టంలో రేషన్ విషయంలో ఇట్లాంటి ఏర్పాటు రాసి ఉంది. జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాల, ఆయన మీద రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు, ఆయన చెప్పిన పరిహారం సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి 5,000 రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. ముసలివాళ్ళ పింఛను మాత్రం అట్లాంటి చట్టం కింద లేదు. బియ్యం ఆగిపోతే అడిగేదానికి చట్టంలో ఒక మెట్టు ఉంది. ఆ బియ్యంలోకి పప్పూ ఉప్పూ కొనే డబ్బు ఆగిపోతే లేదు. ఈ తేడా ఎందుకో నాకు అర్థం కాలేదు.

దీనికన్నా చౌకైనది ఇంకొకటి ఉంది. ఒక చీటీ. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం కింద అడిగిన సమాచారం ఇవ్వకపోతే, ఎందుకు ఇవ్వలేదో, ఎన్ని దినాల్లో అప్పీలు చేయాలో, ఎవరికి చేయాలో ఆ నిరాకరించే కాగితంలోనే రాసి ఇవ్వాల. ఒక ఆఫీసు ఫైలు జెరాక్స్ కోసం అడిగినవాళ్ళకు ఉన్న ఈ మర్యాద, తినేదానికి అడిగినవాళ్ళకు ఎందుకు ఉండకూడదు? కారణం రాయాల్సి వస్తే, రాసే చెయ్యి ఒక్క నిమిషం ఆగుతుంది. "సంపాదించే కొడుకు ఉన్నాడు" అని రాయబోయేవాళ్ళు, ఆ కొడుకు ఏమైనా పంపుతున్నాడా అని అడిగి ఉంటారు. అది మొదట్లోనే తేలిపోయేది. మూడుసార్లు తిరగడమూ, సోమవారం వరుసలో నిలబడడమూ, అర్జీ మీద అర్జీ చూసే పెద్ద ఆఫీసు పనీ తప్పేవి. బ్రిటన్‌లో అంగవైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే భృతి మీద ట్రిబ్యునల్‌కు వచ్చి విచారణ జరిగే అప్పీళ్ళలో, చాలా ఏళ్ళుగా సగానికి మించి అడిగినవాళ్ళ వైపే తేలుతున్నాయి. అప్పీలుదారులు అంత ఖర్చు పెట్టిస్తున్నారు అనేదానికన్నా, మొదటి బల్ల దగ్గర అంత తప్పు జరుగుతోంది అనడం సబబు. అప్పీలు ఖర్చు తగ్గాలంటే చూడాల్సిన చోటు అది.

పై కోర్టు అక్కరే లేదా అంటే, ఉంది. నియమమే తప్పుగా ఉన్నప్పుడు, ఒక్క అవ్వకు కాక వెయ్యిమంది అవ్వలకు ఒకేమాదిరిగా ఆపినప్పుడు, జిల్లాలో కూర్చున్న మనిషి ఏమీ చేయలేడు. 2001 నాటి కేసు అట్లాంటిదే. అప్పుడు వకీలు ఖర్చు ఎట్ల అని భయపడనక్కర లేదు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవాళ్ళకు, అంగవైకల్యం ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఆడవాళ్ళకు ఆదాయం ఎంత అని కూడా చూడరు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో దీనికి ఒక ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. మా క్లాసులో 31 మందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు. నాకు కూడా ఈ వ్యాసం కోసం వెతుకుతుంటేనే దొరికింది.

ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు అందరూ మరిచిపోయే ఇంకో వైపు కూడా ఉంది. అప్పీలుకు పోయేది బీదవాళ్ళు మాత్రమే కాదు. కింది కోర్టులో మనిషి గెలిస్తే, ఆఫీసు పై కోర్టుకు పోతుంది. అక్కడా ఓడితే ఇంకా పైకి పోతుంది. ప్రభుత్వ వకీలుకు ఫీజు ప్రజల డబ్బే, ఓడినా అధికారి జేబులో పైసా పోదు. దేశంలో అన్నిటికన్నా పెద్ద కక్షిదారు ప్రభుత్వమే అని ప్రభుత్వమే ఒప్పుకొని, 2010లో జాతీయ వ్యాజ్య విధానం అని ఒకటి తెచ్చింది. ఊరికే కేసులు లాగకూడదు అనేది దాని సారాంశం. అప్పీళ్ళు తగ్గించి ప్రజల సొమ్ము మిగల్చాలి అనుకుంటే ఈ వైపు నుండి మొదలుపెట్టవచ్చు కదా? చిన్న మొత్తం మీద అవ్వ గెలిస్తే అది అక్కడితో ఆగిపోవాల, ఆఫీసుకు పై అప్పీలు ఉండకూడదు అని ఒక గీత గీస్తే, ఖర్చూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

ఈ గీత దగ్గర నాయనకూ నాకూ ఇంకా తెగలేదు. "అబద్ధం చెప్పి తీసుకొనేవాళ్ళు గెలిచినా ఆఫీసు నోరు మూసుకోవాల్నా?" అంటాడు. మా వీధిలోనే రెండు మిద్దెలు ఉండి పింఛను తీసుకొనేవాళ్ళు ఉన్నారని ఇద్దరి పేర్లు చెప్పినాడు. ఉన్నారు, నాకూ తెలుసు. మోసం అని ఆధారం దొరికితే కేసు మళ్ళా తెరవవచ్చు అని పెట్టుకుందాం అన్నాను. "ఆధారం ఎవరు తేవాల?" అన్నాడు. ఆఫీసే తేవాల అన్నాను. అవ్వ ఆరేళ్ళుగా కొడుకు డబ్బు పంపలేదని రుజువు చేయడం కన్నా, రెండు మిద్దెలు ఉన్నాయని ఆఫీసు రుజువు చేయడం తేలిక. మిద్దెలకు పట్టా ఉంటుంది, ఇంటిపన్ను రసీదు ఉంటుంది. రాని డబ్బుకు ఏ రసీదు ఉంటుంది?

నాయన కొంచెంసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, చీటీ రాసిచ్చే సంగతి మాత్రం బాగుంది, దానికి పెద్ద ఖర్చేమీ కాదు అన్నాడు. అంగడిలో మేం సరుకు వాపసు తీసుకోకపోతే బిల్లు వెనక ఎందుకో రాసి సంతకం పెడతాం, లేకపోతే మరుసటి దినం ఆ మనిషే వచ్చి ఇంకో పిల్లవాడితో గొడవ పెట్టుకుంటాడు అని చెప్పినాడు.